జోడు కుదరాలె

హోలీకి కాముణ్ణి కాల్చారంటే మా కోటగిరి చుట్టుపక్కల మగవాళ్ల నడక మారిపోతుంది. చేతులు పక్కలకు ఆనవు, జానెడు దూరంలో వేలాడుతుంటాయి. కిరాణా కొట్టుకు పావుకిలో చక్కెర కోసం వచ్చినవాడు కూడా ముందు ఛాతీని లోపలికి పంపి, వెనక తాను వస్తాడు. యాసంగి వరి గింజ పోసుకుంటుంటుంది, కోతలకు ఇంకొన్నాళ్లుంటుంది, చేతులకు పని తక్కువ, నోటికి ఎక్కువ. కుస్తీల కాలం వచ్చిందన్నమాట. అప్పట్నుంచి ఉగాది దాటేదాకా ఏదో ఒక ఊళ్లో జాతర, జాతరన్నాక కుస్తీ.

మా మండలం సంగతి కొంచెం చెప్పాలి. 2016లో జిల్లాలు పంచినప్పుడు బాన్సువాడ కామారెడ్డికి పోయింది, మేం నిజామాబాద్‌లో మిగిలాం. కానీ అసెంబ్లీ ఓటు మాత్రం ఇప్పటికీ బాన్సువాడకే. అంటే మా ఎమ్మెల్యేగారి నియోజకవర్గం పేరు ఒక జిల్లాలో, మా కలెక్టర్ సంతకం ఇంకో జిల్లాలో. మంజీర దాటి ఇంకొంచెం పోతే మహారాష్ట్ర. అందుకని మా కుస్తీలో తిట్లు తెలుగులో, పట్లు ఉర్దూలో, గెలుపు మరాఠీలో ఉంటాయి. దెగ్లూరు నుంచి, నాందేడ్ నుంచి, అటు బీదర్ నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. ఎవరి ఖర్చుతో వాళ్లే వచ్చి, మన వాళ్లను మన ఊళ్లోనే చిత్తు చేసి, మన వెండి కడెం చేతికి వేసుకుని, మన అన్నం తినిపోతారు. మళ్లీ ఏడు వాళ్లు రాకపోతే మాకే బెంగ.

ఇందులో నా పాత్ర మైకు. నేను బడిపంతుల్ని. ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో చొక్కా విప్పితే ఐదో తరగతి పిల్లలు లెక్కపెట్టగలరు. అలాంటివాడికి కుస్తీ బరి మధ్యలో చోటు దొరకాలంటే మైకు తప్ప దారి లేదు. 'సార్‌కు చదువొచ్చు, చందాల పేర్లు తప్పు లేకుండా చదువుతడు' అని పెద్దమనుషులు ఎప్పుడో తీర్మానించారు. చందా ఇచ్చినవాడి పేరు, వాడి తండ్రి పేరు, వాడు ఏ పార్టీలో ఏ పదవిలో ఉన్నాడో, ఇవన్నీ చదివేసరికి ఒక కుస్తీ అయిపోతుంది. ఓడినవాడు లేచి మన్ను దులుపుకుంటుంటే నేను ఇంకా నూటపదహార్ల దగ్గరే ఉంటాను.

బహుమతుల లెక్క తెలియనివాళ్ల కోసం ఒక మాట. మొదటి కుస్తీ కొబ్బరికాయకు. ఏడెనిమిదేళ్ల పిల్లలు నిక్కరు ఒక చేత్తో పట్టుకుని, మిగిలిన ఒంటిచేత్తో ప్రత్యర్థిని పడగొట్టే కుస్తీ అది. బలం కంటే నిక్కరు గట్టిగా ఉన్నవాడే గెలుస్తాడని నా అనుభవం. తర్వాత పది రూపాయలు, ఇరవై, యాభై, వంద, ఐదొందలు, ఇలా మెట్టు మెట్టుగా పైకి పోయి చిట్టచివర వెండి కడెం. కరపత్రంలో ఐదు తులాలు అని వేస్తారు. ఐదు తులాలంటే యాభై గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలు దాటిన దగ్గర్నుంచి మా కమిటీవాళ్ల భక్తి ఇంకో రకంగా మారింది. ఆఖరి కుస్తీ తేలకుండా చీకటి పడాలని ఆంజనేయస్వామికి లోలోపల మొక్కుకునేవాళ్లు కూడా ఉన్నారని నాకు అనుమానం. పేర్లు అడక్కండి, రేపు మళ్లీ మైకు వాళ్లే ఇవ్వాలి.

కుస్తీ నేర్పే తాలీంలో మన్ను తయారు చెయ్యడం ఒక వైభవం. జల్లెడ పట్టిన మన్నులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి, రోజూ పారతో తిరగేసి, ఉస్తాద్ చెప్పులు బయట విడిచి లోపలికి వస్తాడు. జాతర కుస్తీకి అంత సోకు లేదు. ఒక చెలక ముక్కను దున్ని, గడ్డలు కొట్టి, ముళ్లూ రాళ్లూ ఏరి, ట్యాంకర్‌తో నీళ్లు చల్లుతారు. మన్ను మరీ తడిస్తే పట్టు జారుతుంది, మరీ ఎండితే వీపు గీరుకుపోతుంది. పిడికిట్లో పట్టి ఒత్తితే ముద్ద కావాలి, బొటనవేలితో నొక్కితే విరిగిపోవాలి, అదీ పదును. ఆ పదును చూసే పని మా ఊళ్లో ఒక పెద్దాయనది. ఆయన మన్ను తీసి వాసన చూసి, కొంచెం సేపు ఆకాశం వైపు చూసి, 'ఇంకో రెండు బిందెలు' అంటాడు. ఎప్పుడు చూపించినా రెండు బిందెలే అంటాడు. ట్యాంకర్ నీళ్లు పోసినా రెండు బిందెలే, వాన పడ్డా రెండు బిందెలే. పెద్దరికం నిలబెట్టుకోవడానికి ఆ మాత్రం నీళ్లు ఖర్చవుతాయి.

కుస్తీ చూడని పట్నం వాళ్లు అనుకుంటారు, ఇద్దరు బలవంతులు కొట్టుకోవడమే కుస్తీ అని. కొట్టుకునేది రెండు నిమిషాలు. అసలు ఆటంతా అంతకుముందే జరుగుతుంది. దాన్ని జోడు కలపడం అంటారు.

ఒక పహిల్వాన్ చొక్కా విప్పి, లంగోటా బిగించి బరిలోకి వస్తాడు. పెద్దమనిషి ఒకాయన వాడి మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి, బరి చుట్టూ తిప్పుతూ అరుస్తాడు: 'దీనికి జోడు ఉన్నదా? ఈ చేతికి జోడు ఉన్నదా?' అవతలి నుంచి ఇంకొకడు చెయ్యెత్తుతాడు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడతారు. తూకం యంత్రం లేదు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదు. పెద్దమనుషులు అంగట్లో ఎడ్లను చూసినట్టు చుట్టూ తిరిగి చూస్తారు. మెడ చూస్తారు, తొడ చూస్తారు, వెనక్కి తిప్పి వీపు మీద చరిచి చప్పుడు వింటారు. ఆ చప్పుడులో ఏం తెలుస్తుందో నాకు ఇప్పటిదాకా అంతుబట్టలేదు. ఒకాయన 'కుదిరింది' అంటాడు, వెంటనే పదిమంది 'కుదరలే' అంటారు.

'వీని పిక్క చూడుండ్రి, వాని పిక్క చూడుండ్రి. ఎట్ల కుదిరిందంటవే?'

'పిక్కతోని కుస్తీ పడ్తరా? మెడ చూడు.'

'మెడ లేదు కదనే వానికి, తల దించితే ఛాతే.'

'అదే అంటున్న. మెడ లేనోణ్ణి ఎట్ల వంచుతవ్?'

ఈ శాస్త్రచర్చ అరగంట సాగుతుంది. ఇద్దరు పహిల్వాన్లూ నడుము మీద చేతులు పెట్టుకుని, తమకు సంబంధం లేని విషయం అన్నట్టు, చెట్టెక్కిన జనాన్ని చూస్తుంటారు.

చెవులు చూడటం మాత్రం నిజమైన విద్య. ఏళ్ల తరబడి తలకు తల ఒత్తి కుస్తీ పట్టినవాడి చెవులు చిదికిపోయి ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడల్లా చెవి మెత్తటి ఎముకకూ చర్మానికీ మధ్య నెత్తురు చేరి, గడ్డకట్టి, అలాగే గట్టిపడి చెవి ముడుచుకుపోతుంది. ఏ కాగితం మీదా లేని సర్వీసు రికార్డు ఆ చెవి మీద ఉంటుంది. ఈ సంగతి తెలిసిన గడుసు పహిల్వాన్లు తలకు తువ్వాలు చుట్టుకుని, చలి పెడుతోందని చెప్పి, పాపం కొత్తవాడి ముఖం పెట్టుకుని నిలబడతారు. మార్చి నెల మధ్యాహ్నం మూడింటికి, కోటగిరిలో, చలి! మా పెద్దాయన దగ్గరికి పోయి ఏమీ అనడు. వాడి భుజం మీద చెయ్యివేసి కుశలం అడుగుతూ తువ్వాలు కొంచెం పక్కకు జరుపుతాడు. చెవి కనపడగానే చేతులెత్తి దండం పెడతాడు. 'నువ్వు కడెం కుస్తీకి ఆగు నాయనా, యాభై రూపాయలకు పొల్లగాండ్లను సంపకు' అంటాడు.

పారిస్ ఒలింపిక్స్ అప్పుడు, 2024 ఆగస్టులో, వినేశ్ ఫోగట్‌ను ఫైనల్ రోజు పొద్దున వంద గ్రాములు ఎక్కువుందని పక్కన పెట్టేశారు కదా. ఆ రోజు మా హోటల్ దగ్గర చాయ్ తాగుతూ ఈ పెద్దాయన గంటసేపు కోపంతో ఊగిపోయాడు. 'వంద గ్రాములు అంటే ఏంది సార్? రెండు ఇడ్లీలు. మా దగ్గర ఇరవై కిలోలు ఎక్కువున్నా మెడ చూసి సర్దుతం కదా, అక్కడ పెద్దమనిషే లేడా?' అన్నాడు. అంతర్జాతీయ కుస్తీ సమాఖ్యకు పెద్దమనిషి లేడన్న మాట ఎవరైనా తెలియజేస్తే మంచిది. ఈయన ఖాళీగానే ఉన్నాడు, రెండు బిందెల నీళ్లు చాలు.

ఇంత కష్టపడి జోడు కలిపాక కుస్తీ మొదలవుతుంది. ఇద్దరూ వంగి, మన్ను తీసి ఒకరి ఒంటికి ఒకరు రాసి, చేతులు కలుపుతారు. డప్పులు ఊపందుకుంటాయి. వీపు నేలకు ఆనితే చిత్తు. ఆనిందా లేదా అన్నది మళ్లీ వేరే పంచాయతీ. వీపు కింద ఇంకా రెండు వేళ్ల సందు ఉందనేవాళ్లు కొందరు, 'నీ వేళ్లా, నా వేళ్లా?' అనేవాళ్లు కొందరు. గెలిచినవాడు జనం మధ్య చెయ్యి చాస్తూ తిరిగితే పది నోట్లూ యాభై నోట్లూ పడతాయి. ఓడినవాడి మేనమామ మాత్రం బరిలోనే నిలబడి సాక్ష్యాలు సేకరిస్తుంటాడు.

ఎటూ తేలకపోతే 'బరాబర్' అని ఇద్దరి చేతులూ పైకెత్తి డబ్బు చెరిసగం పంచుతారు. ఇందులో ఉన్న సుఖాన్ని కనిపెట్టిన పహిల్వాన్లు కొందరుంటారు. వాళ్లు రావడమే బోర్లా పడుకోవడానికి వస్తారు. నేలను రెండు చేతులా కౌగిలించుకుని, అవతలివాడు ఎంత లాగినా, దున్నినా, చీకటి పడేదాకా లేవరు. జనం రాళ్లు తప్ప మిగతావన్నీ విసురుతారు. ఒకసారి ఇలాంటి కుస్తీలో జనాన్ని శాంతింపజేయమని నన్ను పురమాయిస్తే నేను గామా కథ చెప్పాను. 1910 సెప్టెంబర్‌లో లండన్‌లో మన గామా పహిల్వాన్‌కు, పోలండ్ వీరుడు జిబిస్కోకు కుస్తీ. గామా మొదటి నిమిషంలోనే వాణ్ణి కింద పడేశాడు. పడ్డవాడు బోర్లా తిరిగి నేల పట్టుకున్నాడు. రెండున్నర గంటలకు పైగా అలాగే ఉన్నాడు. కుస్తీ తేలలేదు. మళ్లీ వారానికి పెట్టుకుంటే ఆ పెద్దమనిషి రానే లేదు. తిరిగి 1928లో పాటియాలాలో కలిశారు. అప్పుడు గామా నిమిషం కూడా తీసుకోకుండా వాణ్ణి చిత్తు చేశాడు.

కథ బాగానే పండింది. జనం చప్పట్లు కొట్టారు. కింద బోర్లా పడుకున్నవాడు మాత్రం తల కొంచెం ఎత్తి నా వైపు చూసి, 'సార్, రెండున్నర గంటలన్నరా?' అని ఖాయం చేసుకుని, ఇంకా గట్టిగా నేల పట్టుకున్నాడు.

కుస్తీ పట్టేవాళ్లు ఇరవై మంది ఉంటే, ఒకప్పుడు పట్టినవాళ్లు రెండువేల మంది ఉంటారు. బరి చుట్టూ కూచున్న ప్రతి బొజ్జ వెనకా ఒక మాజీ పహిల్వాన్ దాగి ఉంటాడు. 'మా కాలంల పొద్దుగాల్ల ఐదొందల దండ్లు, వెయ్యి బస్కీలు, ఆ మీదంగ లీటరు పాలు, బాదం' అని ఒకాయన మొదలుపెడతాడు. ఇంకొకాయన దానికి పావుశేరు నెయ్యి కలుపుతాడు. మూడో ఆయన దగ్గరికి వచ్చేసరికి లీటరు నాలుగు లీటర్లవుతుంది. ఆ లెక్కన అప్పట్లో మా మండలంలో పాలన్నీ పహిల్వాన్లే తాగేస్తే, చాయ్ ఎవరు తాగారో తెలియదు. ఇదే వీరులు ఇంటికి గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు ఎక్కడుంటారో మా ఆవిడను అడగాలి. అందులో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. బండి హారన్ వినపడగానే వీధిలో ఒక్క మాజీ పహిల్వాన్ కనపడడు. ఒకరికి నడుం, ఒకరికి ఫోను, ఒకరికి పొలంలో మోటారు. చివరికి సిలిండర్‌ను అడ్డంగా పడేసి, కాలితో దొర్లించుకుంటూ వంటింటి దాకా తెచ్చేది ఆవిడే. ఆమెకు జోడు కలిపే ధైర్యం మా పెద్దాయనకు కూడా లేదు.

మా జిల్లాలో బలప్రదర్శన అంటే హున్సా గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. బోధన్ పక్కనే ఆ ఊరు. హోలీ నాడు అక్కడ కూడా కుస్తీలుంటాయి. కానీ అవి ఉప్మాకు ముందు మంచినీళ్ల కింద లెక్క. సాయంత్రం ఊరు రెండు జట్లుగా చీలి, మధ్యన ఒక పొడుగాటి తాడు కట్టి, ఎడమ చేత్తో తాడు పట్టుకుని, కుడి చేత్తో ఎదుటివాణ్ణి పిడికిలి బిగించి గుద్దుతారు. పిడిగుద్దులాట. వందేళ్లు దాటిన ఆచారమని చెబుతారు. ఆడకపోతే ఊరికి అరిష్టమని నమ్మకం. పోలీసులు వద్దంటారు, ఊరు సరేనంటుంది, సాయంత్రానికి తాడు కట్టేస్తారు. ఆట కొద్ది నిమిషాలే. అయిపోగానే కాముడు కాలిన బూడిద దెబ్బల మీద రాసుకుని, ఇప్పటిదాకా ఎవణ్ణి గుద్దాడో వాణ్ణే కౌగిలించుకుని ఇంటికి పోతారు. అక్కడ జోడు కలపడాలు లేవు, మెడలూ పిక్కలూ చూడటాలు లేవు. తాడుకు అవతల ఎవడు తగిలితే వాడే జోడు. మా పెద్దాయనకు హున్సా అంటే చిన్నచూపు. 'అది ఆట కాదు సార్, పంచాతి లేదు దాంట్ల' అంటాడు.

గుద్దుల్లో కూడా పంచాయతీ పెట్టి గెలిచిన పిల్ల మా జిల్లాలోనే ఉంది. నిజామాబాద్ నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, మరుసటేడు ఢిల్లీలో 50 కిలోల విభాగంలో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత. ఆమె గెలిచిన రోజు మా ఊరి మాజీ పహిల్వాన్లు కొంచెం సేపు మౌనం పాటించి, తర్వాత 'నీళ్లు మంజీరవి కదా' అని తమ వాటా తీసుకున్నారు.

ఇక మా అన్న కొడుకు గురించి. వాడు హైదరాబాద్‌లో చదువుకుంటూ జిమ్‌కు పోయేవాడు. చదువు అక్కడే వదిలేసి, కండలు మాత్రం ఊరికి తెచ్చుకున్నాడు. ఒకరోజు ఫోన్ పట్టుకుని వచ్చి కూచున్నాడు. అందులో కొండంత తెల్ల మనుషులు గుండ్రటి రాళ్లెత్తి అరుగుల మీద పెడుతున్నారు, లారీలు లాగుతున్నారు.

'కాకా, స్ట్రాంగ్‌మ్యాన్ అంటరు దీన్ని. మనూర్ల పెడ్దం. కుస్తీ పాతదైంది. ఇందుల లొల్లి ఉండదు. ఇన్ని కిలోలు, ఇన్ని మీటర్లు, ఇన్ని సెకన్లు. గెలిచినోడు గెలిచినట్టు, ఓడినోడు ఓడినట్టు.'

వాడు చెప్పింది నిజమే. ప్రపంచ స్ట్రాంగ్‌మ్యాన్ పోటీ 1977లో కాలిఫోర్నియాలో టీవీ వాళ్ల కోసం మొదలైంది. పోలండ్ మనిషి పుజ్యనోవ్‌స్కీ ఐదుసార్లు గెలిచాడు. ఐస్‌లాండ్ వాడు బ్యోర్న్‌సన్ 2018లో గెలిచి, 2020లో 501 కిలోల ఇనుమును నేల మీంచి లేపాడు. అంటే పన్నెండు బస్తాల వడ్లు, పైన ఇంకా ఇరవై ఒక్క కిలోలు. అయినా మనవాళ్లను తక్కువ చేసి మాట్లాడితే పంతులుగా ఊరుకోలేను. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపాడు, భుజాలకు కట్టిన తాళ్లతో రెండు కార్లను కదలకుండా ఆపాడు. పైగా శాకాహారి. 1942లో పోయిన ఆ మహానుభావుడి విగ్రహం విశాఖ బీచ్ రోడ్డులో ఉంది. గామా 1902లో ఎత్తాడని చెక్కిన 1200 కిలోల రాయి బరోడా మ్యూజియంలో ఉంది. ఇవన్నీ చెప్పాను.

పక్కనే ఉన్న పెద్దాయన అన్నీ విని రెండు సందేహాలు బయటపెట్టాడు. గామా ఆ రాయిని ఎత్తాడా, జరిపాడా? రామ్మూర్తి కార్లను ఆపాడు, వీడు ట్రాక్టర్‌ను లాగుతానంటున్నాడు. ఆపుడు గొప్పనా, లాగుడు గొప్పనా? రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. మా అన్న కొడుకు దగ్గర మాత్రం స్టాప్‌వాచ్ ఉంది.

పోటీ రోజు రెండు అంశాలు. మొదటిది, రెండు వడ్ల బస్తాలు మోసుకుని ముప్పై మీటర్లు పరిగెత్తడం. బస్తా నలభై కిలోలు. ఆ ముక్క మైకులో చెప్పానో లేదో, జనంలోంచి ఒక రైతు లేచాడు. 'సార్, నలభై అంటే తరుగు తీసినంకనా, తీయకముందా?' అంతే, ఇంకో పదిమంది లేచారు. కొనుగోలు కేంద్రంలో ఎంత కోత పెట్టారు, తాలు ఎంత, తేమ ఎంత, సంచి బరువు ఎంత, అన్నీ ఆ మైదానంలోనే తేలాల్సి వచ్చింది. మా అన్న కొడుకు చేతిలో స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది.

జిమ్ పిల్లలు ముగ్గురు ఉరికారు. ఒకడు సగంలో బస్తా పడేశాడు, అది పగిలింది. కోళ్లు వచ్చాయి. నాలుగో మనిషిగా రైస్‌మిల్లు దగ్గర పనిచేసే హమాలీ ఒకాయనను ఎవరో బలవంతంగా పంపారు. ఆయన తలకు దస్తీ చుట్టి, రెండు బస్తాలూ వీపు మీదికి వేయించుకుని, 'ఏడ దించాలె?' అని అడిగి, మామూలుగా నడుచుకుంటూ పోయాడు. దారిలో తెలిసినవాడు కనపడితే ఆగి బిడ్డ పెళ్లి సంగతి అడిగాడు. అవతల దించేటప్పుడు జిమ్ పిల్లలు ఇష్టమొచ్చినట్టు పడేసిన బస్తాల్ని కూడా తీసి, ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చి, తిరిగి వచ్చి 'ఇంకెన్ని ఉన్నయి?' అన్నాడు. స్టాప్‌వాచ్ ప్రకారం ఆయన ఆఖరు. జనం ప్రకారం ఆయన మొదలు, ఎందుకంటే బస్తా పగల్లేదు. 'లొల్లి ఉండదన్నవ్ కదరా' అన్నాను. మావాడు వినిపించుకోలేదు.

'గెలిస్తే ఏమిస్తరు సార్?' అని హమాలీ నన్ను చాటుగా అడిగాడు. షీల్డు అన్నాను. ఆయన ఆలోచించి, 'షీల్డొద్దు గని, బస్తాకు ఇంత అని కట్టియ్యిమనుండ్రి, నాలుగు బస్తాలు సర్దిన' అన్నాడు.

రెండోది ట్రాక్టర్ లాగడం. ఇంజన్ బంద్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, ముందు తాడు కట్టి, ఇరవై మీటర్లు. ఇందులో గొడవకు చోటే లేదని మావాడి ధీమా. ట్రాక్టర్ ఒకటే, తాడు ఒకటే, దూరం ఒకటే. మొదటివాడు లాగాడు. రెండోవాడి కోసం ట్రాక్టర్‌ను వెనక్కి తేవడం దండగని, అటు నుంచి ఇటే లాగమన్నారు. వెంటనే ఆ చెలక పక్క పొలం రైతు చెయ్యెత్తాడు.

'గట్లెట్ల కుదుర్తది? అటు దిగువ, ఇటు ఎగువ.'

'ఎక్కడన్న, చదునే కదా' అన్నాడు మావాడు.

'నీకు చదును. ఇరవై ఏండ్లు నీళ్లు కట్టిన నేను. నీళ్లు గటే పారుతయి.'

ఇక్కడ నేను పంతులుగా ఒక లెక్క చెప్పక తప్పలేదు. ట్రాక్టర్ రెండు టన్నులనుకుంటే, నూరు అడుగుల దూరంలో ఒక్క అడుగు ఎత్తున్నా లాగేవాడి మీద ఇరవై కిలోల భారం అదనంగా పడుతుంది. దిగువకైతే అంతే తగ్గుతుంది. ఇద్దరి మధ్య తేడా నలభై కిలోలు, సరిగ్గా ఒక బస్తా. తరుగు తీయకముందో తర్వాతో మాత్రం అడగొద్దన్నాను. నా లెక్కతో చల్లారాల్సిన గొడవ ఇంకా రేగింది. ఒకడు టైరులో గాలి తక్కువన్నాడు. ఒకడు మొదటివాడు లాగినప్పుడు డీజిల్ ట్యాంకు సగమే ఉందని, ఇప్పుడు ఎవరో పోశారని అన్నాడు. పోసినవాడెవడో చెప్పమంటే, 'ఎవడన్న పోస్తడా ఊకె?' అని తనే కొట్టిపారేశాడు. చివరికి దిగువా ఎగువా తేల్చడానికి పక్క బోరు నుంచి పైపు లాగి నీళ్లు వదిలారు. రైతు మాటే నిజం. నీళ్లు అటే పారాయి. చాలాసేపు పారాయి, ఎందుకంటే నిజం తేలాక కూడా మోటారు ఆపడం ఎవరికీ గుర్తు లేదు. ట్రాక్టర్ కింద నేలంతా తడిసి చక్రాలు దిగబడ్డాయి.

మావాడు తల పట్టుకుని గట్టు మీద కూచున్నాడు. జనం మాత్రం ఒక్కరూ కదల్లేదు. ఇంత మంచి పంచాయతీ జరుగుతుంటే ఎవరు పోతారు? పెద్దాయన తడిసిన చోటు వదిలి, నీళ్లు అంచుల దాకా పాకిన పక్క చాలులోకి పోయి, వంగి పిడికెడు మన్ను తీశాడు. ఒత్తాడు, ముద్దయింది. బొటనవేలితో నొక్కాడు, విరిగింది. వాసన చూశాడు. ఆకాశం వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి రెండు బిందెల మాట ఎత్తలేదు. 'మంచి పదునైంది' అన్నాడు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు డప్పులవాళ్లు డప్పులు కాగబెట్టడానికి గడ్డి వెతుక్కుంటూ పోయారు. ఎవరో కొబ్బరికాయ తెచ్చారు. పిల్లలు నిక్కర్లు బిగించారు. షీల్డు మీద 'స్ట్రాంగ్‌మ్యాన్' అని రాసి ఉంటే ఏమైతది, కుస్తీ గెలిచినోడు స్ట్రాంగ్ కాడా అని కమిటీ అప్పటికప్పుడు తీర్మానం చేసింది. వెండి కడెం ఖర్చు తప్పినందుకు కమిటీ ముఖాలు వెలిగిపోతున్నాయి.

మా అన్న కొడుకు లేచి చిన్నగా జారుకోబోయాడు. పెద్దాయన వాడి మణికట్టు పట్టుకున్నాడు. బనియన్ మీదున్న ఆ కండల్ని మెచ్చుకోలుగా చూసి, వీపు మీద ఒక్కటి చరిచి, చప్పుడు విని, తల ఊపి, చెయ్యి పైకెత్తాడు.

'దీనికి జోడు ఉన్నదా?'

కాసేపు ఎవరూ పలకలేదు. మావాడికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు జనం వెనక నుంచి, మంజీర అవతలి నుంచి చుట్టాల ఇంటికి వచ్చాడట, ఒక సన్నపాటి యువకుడు సిగ్గుపడుతూ ముందుకొచ్చాడు. ఎండ మాడ్చేస్తోంది. తలకూ చెవులకూ కలిపి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

పెద్దాయన వాడి భుజం మీద చెయ్యివేశాడు గానీ, ఈసారి తువ్వాలు మాత్రం జరపలేదు. నా వైపు చూసి కన్ను గీటాడు.

'కాకా, కాకా, వాని చెవులు చూడుమను ముందుగాల' అని మావాడు నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు.

నేను మైకు సవరించుకుని, జోడు కుదిరిందని ప్రకటించాను.